దూది లేని మిల్లు

కళ్లజోళ్ల షాపాయనకి ఏడాదికోసారి పూనకం వస్తుంది. పదకొండు నెలలూ వచ్చినవాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి గోడ మీది అక్షరాలు చదివించే నెమ్మదైన మనిషి, చివరి నెల వచ్చేసరికి ఎవరి మాటా వినడు. ఆ ఏడాది డిస్కులుగా ఇళ్లకి వచ్చిన పాత సినిమాలన్నీ వరసపెట్టి చూడాలి. వాటిలోంచి పదింటిని ఎంచి వారపత్రికకి జాబితా పంపాలి. పద్దెనిమిదేళ్లుగా పంపుతున్నాడు. కింద సంతకం 'నలుసు' అని ఉంటుంది. ఆ నలుసు ఎవరో పత్రిక సంపాదకుడికీ, ఇద్దరు ముగ్గురు డిస్కుల కంపెనీ మేనేజర్లకీ తప్ప బయటివాళ్లకి తెలీదు.

ఆ పేరు ఊరికే పెట్టుకోలేదు. ఆయన డిస్కు చూసే పద్ధతే వేరు. ముందు కళ్లద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో టీవీ అద్దం తుడుస్తాడు. తెరలు లాగేస్తాడు. ఒళ్లో గీతల నోటుబుక్కు పెట్టుకుని, బొమ్మ మీద ఎక్కడ నలుసు కనిపిస్తే అక్కడ ఆపి రాసుకుంటాడు. 'ఇరవై రెండో నిమిషం, పైన కుడి మూల, నల్ల మచ్చ. నలభయ్యో నిమిషం, నిలువు గీత, మూడు సెకన్లు.' సినిమా అయ్యాక నలుసులన్నీ లెక్కపెడతాడు. ముప్పై దాటాయా, ఆ డిస్కుకి నూకలు చెల్లినట్టే.

శనివారం మధ్యాహ్నం, ఒక పెద్దావిడ జోడుకి అద్దం అంచు అరగదీసి, చట్రంలో బిగించి ఇచ్చి పంపాక, కౌంటర్ మీద కాగితాలు పరుచుకుని జాబితా తిరగరాశాడు. బొమ్మని అడ్డంగా సాగదీసి మనుషులందరినీ గుమ్మడికాయల్లా చేసిన ఒక డిస్కుని ఏకిపారేశాడు. రైలు గార్డు కథకి రెండో చోటిచ్చాడు. బావా బావమరుదుల హాస్యానికి మూడోది. మొదటి చోటు గురించి మాత్రం క్షణం కూడా ఆలోచించలేదు. అది మిల్లు సినిమాది. నూలు మిల్లులో కార్మికుల బతుకు మీద ఎప్పుడో తీసిన నలుపు తెలుపు బొమ్మ, తొలిసారి డిస్కుగా వస్తోంది. కంపెనీవాళ్లు పది రోజులు ముందుగా పంపారు. నూట నాలుగు నిమిషాలు చూస్తే నోటుబుక్కులో ఆ పేజీ తెల్లగా మిగిలింది. పద్దెనిమిదేళ్లలో అలా ఎన్నడూ జరగలేదు.

'ఒక్క నలుసు లేదు. కడిగిన ముత్యం' అని రాసి పంపాడు. అరగంటలో సంపాదకుడు ఫోన్ చేశాడు.

"గురువుగారూ, మీ నోటి నుంచి ఇంత మంచి మాటా! కంపెనీవాళ్లకి చదివి వినిపించాను. పెట్టె మీద చీటీగా అచ్చు వేయించుకుంటారట."

"వేసుకోనీ, నాకేం," అన్నాడు కానీ, ఆ సాయంత్రం షాపు మూసేదాకా ఆయన మొహం మీద నవ్వు చెరగలేదు.

మర్నాడు ఆదివారం. భోజనాలయ్యాక వెనక గదిలోంచి అక్క వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, టీవీ జోలికి రాదు. ఆవేళ తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, గ్లాసుతో గోరువెచ్చటి నీళ్లు తెచ్చుకుని సోఫాలో కూర్చుంది.

"ఆ మిల్లు సినిమా నీ దగ్గరికి వచ్చిందటగా. వెయ్యి, చూస్తాను."

"నువ్వా? సూర్యుడు ఇవాళ ఎటు పొడిచాడు?"

"మా మిల్లులో తీసిందిరా అది. రెండు వారాలు మేం పని చేస్తుంటే మా చుట్టూ తిరుగుతూ తీశారు. వెయ్యి, వేళాకోళాలు తర్వాత."

ఆయన వేశాడు. అక్క మొదటి అరగంట కదలకుండా చూసింది. దూది ఏకే హాలు వచ్చింది. వరసగా మిషన్లు, వాటి మధ్య తలకి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు. అక్క ముందుకి వంగింది. జోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"ఒకసారి వెనక్కి తిప్పు."

తిప్పాడు.

"మళ్లీ."

మళ్లీ తిప్పాడు. మూడోసారి కూడా చూసి, అక్క తమ్ముడి వైపు తిరిగింది.

"దూదేదిరా?"

"మిషన్లలో ఉందిగా అక్కా, చుట్టలు చుట్టలుగా."

"అది కాదు. గాల్లో ఉండాలి కదా. ఆ హాల్లో మనిషికి మనిషి ఆనేది కాదు."

"ఓ, అదా," అన్నాడు ఆయన హుషారుగా. "అప్పట్లో నువ్వు సినిమా హాల్లో చూసింది పాత ప్రింటు. దాని నిండా మచ్చలే. ఇప్పుడు ఒక్కో ఫ్రేమూ తుడిచారు. ఇంత శుభ్రంగా..."

"మచ్చలు కాదురా, దూది అంటుంటే! దూదికీ మచ్చకీ తేడా తెలీదా నీకు?"

ఆయన తెర వైపు చూశాడు. ఈసారి నలుసుల కోసం కాకుండా మామూలుగా చూశాడు. ఒకామె చేత్తో మొహం ముందు తోలుకుంటోంది. అక్కడ తోలాల్సింది ఏమీ లేదు. మేస్త్రీ రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని అద్దంలాంటి గాలిలో నడుస్తున్నాడు. పని దిగి ఇంటికెళ్లిన తల్లి, కూతురు జుట్టులోంచి ఏదో ఏరి ఏరి కింద పడేస్తోంది. వేళ్లలో ఏమీ లేదు. పిచ్చిదానిలా ఏరుతూనే ఉంది. ఇదే సినిమాని ఆయన నూట నాలుగు నిమిషాలూ కళ్లప్పగించి చూశాడు, ఇవేవీ కనిపించలేదు.

తెర మీద ముసలి కార్మికుడు ఒకడు గోడకి చేరబడి దగ్గుతున్నాడు.

"వీడెందుకు దగ్గుతున్నట్టు?" అంది అక్క. "చూసేవాళ్లు ఏమనుకుంటారు? జలుబు చేసిందనుకుంటారు." ఆ మాట అంటూ తనే దగ్గింది. నీళ్లు తాగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని కాసేపు ఆగింది. "మిల్లు మూసేటప్పుడు యజమానులన్నది కూడా ఇదేగా. లోపల దూది ఎగరదు, మీరే పొగ తాగి తెచ్చుకున్న రోగాలు అని. మేం, ఆడవాళ్లం, పొగ తాగామట! ఉన్నది ఈ ఒక్క సినిమారా. అందులో కూడా దూది లేకపోతే ఇంకెవరు నమ్ముతారు?"

లేచి వెనక గదిలోకి వెళ్లిపోయింది. సినిమా సగంలో ఉంది.

ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఉన్నపళాన సంపాదకుడికి ఫోన్ చేశాడు.

"మొదటి చోటు తీసెయ్యండి! దొంగ డిస్కు అది! మిల్లుని మిల్లు కాకుండా చేశారు!"

"గురువుగారూ, నిన్నేగా కడిగిన ముత్యం అన్నారు?"

"ముత్యమూ లేదు, గాడిద గుడ్డూ లేదు. పేజీ ఎప్పుడు వెళ్తుంది?"

"మంగళవారం సాయంత్రం. గురువారం పత్రిక బజార్లో ఉంటుంది. డిస్కు శుక్రవారం షాపులకి వెళ్తుంది. ఈలోగా తేల్చుకోండి."

సోమవారం షాపుకి తాళం వేసి, రెండు బస్సులు మారి కంపెనీకి వెళ్లాడు. మేనేజర్ గదిలో గోడ వారగా డిస్కుల పెట్టెలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. ఒక్కోదాని మీదా ఎర్ర చీటీ. 'ఒక్క నలుసు లేదు. కడిగిన ముత్యం.' వందసార్లు తన మాటే తనని చూసి వెక్కిరించినట్టు అనిపించి ఆయన మొహం తిప్పుకున్నాడు.

"రండి సార్, రండి! జాబితాలో మనదే మొదటిదట కదా, మా వాళ్లు గాల్లో తేలుతున్నారు!"

"మీ వాళ్ల సంగతి తర్వాత. గాల్లో తేలాల్సిన దూది ఏమైంది?"

మేనేజర్ బల్ల మీది కాగితాలు సర్దాడు. "అదా సార్... మిషన్. దుమ్మనుకుని తీసేసింది."

"మిషన్ అనుకుంది సరే, మీరేమనుకున్నారు? నూలు మిల్లులో దూది కాక ఇసక ఎగురుతుందా? ఒక్కరికైనా బుర్ర లేదా ఇంతమందిలో?"

"వివరాలు నాకంత తెలీవు సార్. శుభ్రం చేసినావిడ రెండో గదిలో ఉంది. ఏదైనా ఉంటే ఆవిడనే అడగండి." అప్పుడే మోగిన ఫోన్ చెవికి ఆనించుకుని, మేనేజర్ తలుపు వైపు చెయ్యి చూపించాడు. తప్పు బయటపడగానే వేలు కిందివాళ్ల వైపు చూపించడం ఏ ఆఫీసులోనైనా ఒకటే. ఆవిడని కడిగేద్దామని ఆయన అదే ఊపులో రెండో గది తలుపు తోశాడు.

లోపల మిషన్ల కోసమని గది చల్లగా ఉంచారు. నలభయ్యేళ్లావిడ శాలువా కప్పుకుని, రెండు తెరల ముందు కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. జోడు ఒక పక్కకి ఒరిగి ముక్కు మీదికి జారుతోంది, మాటిమాటికీ మణికట్టుతో పైకి తోసుకుంటోంది. అది చూసేసరికి ఆయన తిట్టడానికి వచ్చిన సంగతి మర్చిపోయాడు.

"ఆ జోడు ఇలా ఇవ్వమ్మా. మర వదులైంది."

ఆవిడ తెల్లబోయి ఇచ్చింది. ఆయన జేబులోంచి సన్నటి స్క్రూడ్రైవర్ తీసి, కిటికీ దగ్గరికి నడిచి, మర బిగించసాగాడు. బిగిస్తూనే అడిగాడు.

"మిల్లు సినిమాలో దూది ఎవరు తీశారు?"

"నేనే సార్," అందావిడ. దాచలేదు. "అంతకుముందు ఉంచింది కూడా నేనే. ఒక ఫ్రేములో ఉండి పక్క ఫ్రేములో లేని చుక్క ఏదైనా ఈ మిషన్‌కి దుమ్మే. ఎగిరే దూదీ అంతే కదా, ఈ క్షణం ఉన్నచోట మరుక్షణం ఉండదు. అది తీసేస్తుంటే నేను ఆపేశాను. ఏది ఫిల్మ్ మీది దుమ్మో, ఏది మిల్లులో దూదో పదకొండు రోజులు కూర్చుని చేత్తో విడదీశాను. దుమ్ము తీశాను, దూది ఉంచాను. మేనేజర్‌గారికి చూపిస్తే తల పట్టుకున్నారు. 'ఇవన్నీ నలుసులని రాసేస్తాడు ఆయన, ఒక్కటి కూడా ఉండటానికి వీల్లేదు, మొత్తం తీసెయ్' అన్నారు. రెండుసార్లు వద్దన్నాను సార్. మూడోసారి అనే ధైర్యం లేకపోయింది."

"ఏ ఆయన?"

"మీ ఎదురుగా గోడ మీద ఉంది చూడండి."

స్విచ్చుల పక్కన ఒక పత్రిక ముక్క అంటించి ఉంది. పోయినేడాది జాబితా. ఎర్ర సిరాతో రెండు గీతలు గీసి ఉంది ఒక వాక్యం కింద. 'సినిమా ఎంత గొప్పదైనా సరే, నలుసులున్న డిస్కు నా గడప తొక్కదు. క్షమించే ప్రశ్నే లేదు.' ఆ మాటలు రాసిన రోజు ఆయనకి బాగా గుర్తుంది. రాసి, రెండుసార్లు బయటికి చదువుకుని మురిసిపోయాడు.

"ఎవరో నలుసట," అంది ఆవిడ, జోడు లేని కళ్లు చికిలించి. "ఆయన నోటుబుక్కంటే మా ఆఫీసంతా హడల్. నాకైతే ఒకటి అర్థమైంది సార్. ఆయన సినిమా చూడడు, టీవీ అద్దం చూస్తాడు. ఎక్కడ మరక ఉందా అని."

మర బిగిసిపోయింది. అయినా ఆయన ఇంకా తిప్పుతూనే ఉన్నాడు. తల తీసేసినట్టయింది. అద్దాలు తుడిచి, జోడు ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఆ నలుసు నేనేనమ్మా."

ఆవిడ గభాలున లేచి నిలబడింది. "అయ్యో సార్... నేను..."

"కూర్చో. నువ్వన్నదాంట్లో తప్పేం లేదు. నువ్వు ఉంచిన దూది ఇంకా ఉందా?"

"శుక్రవారం దాకా ఉంటుంది. పెట్టెలు బయటికి వెళ్లగానే చెరిపేసి కొత్త పని ఎక్కిస్తారు. తీసుకొచ్చిన ప్రింటు కూడా నానాటికీ పాడైపోతోంది సార్, దాన్ని మళ్లీ మిషన్‌లో పెట్టలేం."

ఆయన మళ్లీ మేనేజర్ గదికి వెళ్లాడు. ఈసారి గొంతు లేవలేదు. దూది ఉన్న బొమ్మ సిద్ధంగా ఉంది కాబట్టి డిస్కు ఆపి, అది పెట్టి పంపమన్నాడు. మేనేజర్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఆపితే పైవాళ్లకి ఏం చెప్పాలి సార్? ఒక పని చేయండి. దూది తీయడం మీకోసమే జరిగిందని మీరే రాయండి. తప్పు మీదని. మా మీద మాట రాకుండా ఉంటే ఆపిస్తాను."

"వద్దని ఆవిడ మొత్తుకుంటే బలవంతాన తీయించింది మీరు. మోయాల్సింది నేనా?"

"మీ ఇష్టం. శుక్రవారం పెట్టెలు వెళ్లిపోతాయి."

ఆయనకి ఒళ్లు మండిపోయింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని మేనేజర్‌ని మనసులో వంద తిట్లు తిట్టాడు. ఎంత నంగనాచి! ఎంత తెలివిగా తప్పించుకుంటున్నాడు! కానీ ఏ తిట్టు మొదలుపెట్టినా అది ఎర్ర గీతలు గీసిన ఆ వాక్యం దగ్గరికే వచ్చి ఆగిపోతోంది. రాసింది ఎవరు? మేనేజర్ రాయలేదు కదా!

మంగళవారం వచ్చినవాళ్లకి రేపు రమ్మని చెప్పి, కౌంటర్ వెనక కూర్చుని రాశాడు. మొదట కంపెనీని చీల్చి చెండాడుతూ నాలుగు పేజీలు రాసి చింపేశాడు. మేనేజర్ అడిగినట్టు తప్పంతా తనదేనని ఒక పేజీ రాశాడు. అదీ చింపేశాడు, ఎందుకంటే అదీ అబద్ధమే. సాయంత్రం నాలుగింటికి అర పేజీ తేలింది. ఫోన్‌లో సంపాదకుడికి చదివి వినిపించాడు.

"'ఈ ఏడాది మొదటి చోటు ఎవరికీ లేదు. నేను మెచ్చుకున్న మిల్లు సినిమాలో దూది లేదు. మా అక్క చెప్పేదాకా నాకది కనిపించలేదు, ఎందుకంటే నేను సినిమా చూడలేదు, నలుసులు వెతికాను. నాలాంటివాడు ఊరుకోడని కంపెనీ పెద్దలు దూది తీయించారు. అడిగిన నాది తప్పు, భయపడి తీయించినవాళ్లది తప్పు. దూదిని పదకొండు రోజులు చేత్తో ఏరి కాపాడిన ఉద్యోగిది తప్పు కాదు. ఆవిడ కాపాడిన బొమ్మ ఇంకా ఉంది. అదొస్తే కొనండి, అది వచ్చేదాకా కొనకండి. పద్దెనిమిదేళ్లుగా నేను శుభ్రంగా ఉన్నాయని మెచ్చుకున్న డిస్కుల్లో ఇంకేమేం పోయాయో నాకు తెలీదు.'"

సంపాదకుడు ఇంకోసారి చదివించుకున్నాడు.

"గురువుగారూ, ఈ చివరి వాక్యం తీసేద్దాం. అది ఉంటే మీ పాత జాబితాలన్నీ మంట్లో కలుస్తాయి. రేపట్నుంచి మీ మాట ఎవరూ నమ్మరు."

"ఉండనివ్వండి."

"ఇంకోసారి ఆలోచించుకోండి."

"వేస్తారా, ఇంకో పత్రికకి పంపనా?"

వేశారు. గురువారం పొద్దున్నే పత్రిక వచ్చింది. మధ్యాహ్నానికి మేనేజర్ ఫోన్ చేసి, సగం తన నెత్తిన కూడా రుద్దినందుకు తిట్టాల్సినంతా తిట్టాడు. షాపులవాళ్లు పెట్టెలు వద్దంటున్నారట, దూది ఉన్నదే పంపమంటున్నారట. ఇంక ఆపక చస్తామా అన్నాడు. ఆయన అన్నీ విని, రేపు మా అక్కని తీసుకొస్తాను, ఆవిడకి ముందు చూపించాలి అని చెప్పి పెట్టేశాడు.

శుక్రవారం అక్క రెండో గదిలో, తెరల ముందు కుర్చీలో కూర్చుంది. చలికి దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే బొమ్మ శుభ్రం చేసినావిడ తన శాలువా తీసి అక్క భుజాల చుట్టూ కప్పింది. ఎడమ తెర మీద దూది ఏకే హాలు వచ్చింది.

ఇదీ మిల్లు. పైకప్పు దగ్గర్నుంచి కాళ్ల దాకా దూదే. మిషన్లు సగమే కనిపిస్తున్నాయి. ఆడవాళ్ల కనురెప్పల మీద, పెదాల మీద, చెవుల్లో తెల్లగా పేరుకుని ఉంది. ఆదివారం చూసిన పిచ్చి చేతులు ఇప్పుడు నిజంగా దేన్నో తోలుకుంటున్నాయి. పన్నెండేళ్లు ఇందులో నిలబడిందా అక్క!

"అదుగో పొడుగామె," అంది అక్క. "దాని వెనక గిరజాల జుట్టుది. పోయింది, మిల్లు మూశాక రెండేళ్లకే. ఇది చూడు, పనిలో కూడా నవ్వుతోంది, సిగ్గులేంది... ఆపమ్మా. ఆపు. ఆ చివర మూల కొంచెం పెద్దది చెయ్యి."

ఆవిడ పెద్దది చేసి, బొమ్మని మళ్లీ కదిలించింది. హాలు చివర, దూది బాగా దట్టంగా ఉన్నచోట, తలకి తెల్ల గుడ్డ కట్టుకుని చీపురుతో ఒక మనిషి వంగి ఉంది. చూస్తుండగా నడుం ఎత్తి, కెమెరా వైపు తిరిగింది. పాతికేళ్లు ఉంటాయేమో.

"నేనే," అంది అక్క.

ఆయన కుడి తెర వైపు చూశాడు. శుభ్రం చేసిన బొమ్మలో అదే మూల, అదే క్షణం. గోడ ఉంది. మనిషి లేదు.

ఆవిడ చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. "అక్కడ మరీ దట్టంగా ఉండేసరికి మిషన్ వల్ల కాలేదమ్మా," అంది మెల్లగా. "పక్కనున్న గోడ ముక్క తెచ్చి నేనే అతికించాను. మనిషని తెలీలేదు. తెల్ల గుడ్డ కూడా దూదే అనుకున్నాను."

"ఆదివారం రెండుసార్లు వెనక్కి తిప్పించావు," అన్నాడు ఆయన. "నువ్వున్నావని ఒక్కమాట చెప్పొచ్చుగా అక్కా?"

"ఏమని చెప్పను? నువ్వేమో తీసింది మచ్చలేనంటివి. ఇన్నేళ్లూ నేను ఉన్నాననుకుని పొరబడ్డానేమో అనుకున్నా."

ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ జోడు సర్దుకుని తెర వైపు వంగింది.

"అమ్మా, మీ మొహం మీదుగా ఒక గీత ఉంది చూశారా? ఇది దూది కాదు, ఫిల్మ్ గీసుకుపోయింది. ఇంత దూదిలో చెయ్యి పెట్టలేక అప్పుడు వదిలేశాను. ఇప్పుడు తీయమంటారా?" అడగడం అక్కనే అడిగినా, అలవాటు కొద్దీ కళ్లు ఆయన వైపు తిరిగాయి.

ఆయన తల అడ్డంగా ఊపి, అక్కని చూపించాడు.

అక్క తెరకి దగ్గరగా జరిగింది. నుదుటి మీంచి గడ్డం దాకా సన్నగా దిగిన ఆ గీతని, దాని వెనక మొహాన్ని చాలాసేపు చూసింది.

"అది తీస్తే నాకేమన్నా అవుతుందా?"

"కొంచెం చెదరొచ్చమ్మా. కచ్చితంగా చెప్పలేను."

"అయితే దాని జోలికి పోకు. ఉండనీ."

ఆవిడ ఆ గీతని అలాగే వదిలేసి తర్వాతి ఫ్రేము తెచ్చింది.